వాల్‌నట్ కట్టె హెడ్‌ఫోన్స్ తీసుకున్న, దీనికి ట్యూబ్ ఆంప్ (గాజు వాల్వుల ఆంప్లిఫయర్) కొనాల్నా వద్దా? జర చెప్పున్రి

#1 కాజీపేట జంక్షన్
అందరికి నమస్తే. రెండేండ్ల సంది సప్పుడు చెయ్యకుండ సదువుతున్న, రాసుడు ఇదే మొదలు, తప్పులుంటె సర్దుకోన్రి.

పోయిన నెల మెజె 99 క్లాసిక్స్ సెకండ్‌హ్యాండ్ల దొరికినయి, 12,000 పడ్డది. వాల్‌నట్ కట్టె కప్పులు. డబ్బ ఇప్పి చేతుల పట్టుకున్నప్పుడే సగం పైసలు ఎల్లినయ్ అనిపిచ్చింది, ఆ కట్టె మీద గీతలు చూసుకుంట పాట పెట్టుడే మర్శిపోయిన. మా అవ్వ ఏమో "గివేందిరా, నున్నగ గీకిన కొబ్బరి చిప్పల లెక్కున్నయి" అన్నది.

ఇగ అసలు ముచ్చట. ఫోనుకు చిన్న యూఎస్‌బీ డాంగిల్ (హెడ్‌ఫోన్ గుచ్చే ముక్క) పెట్టి వింటె మంచిగనే ఉన్నది, సాఫ్‌గ ఉన్నది, గని ఏదో తక్వ, ఉప్పు తక్వైన పప్పు లెక్క. మొన్న మా బాపు పాత స్టీరియో ఆంప్ సజ్జ మీదికెల్లి దించిన. బాపు సింగరేణిల చేసేటప్పుడు బోనస్ పైసలతోటి కొన్నడు, భూపాలపల్లి క్వార్టర్‌ల మా చిన్నప్పుడు ఆదివారం అంటె గదే. దాని ముంగట పెద్ద హెడ్‌ఫోన్ రంధ్రం ఉంటె అడాప్టర్ పెట్టి గుచ్చిన, అన్నా ఏం చెప్పాలె, ఘంటసాల గొంతు ఎచ్చగ నిండుగ పక్కకు కూసోని పాడినట్టే ఒచ్చింది, నాచురల్ అంటె గిదేనేమో అనిపిచ్చింది.

హైదరాబాద్‌ల ఒక దుక్నపాయినకు ఫోన్ చేసి గిదే చెప్తె "కట్టెకు ట్యూబే జోడి, 32,000ల మా దగ్గర ఓటీఎల్ (ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని ట్యూబ్) ఆంప్ ఉన్నది, మీ హెడ్‌ఫోన్ కోసమే పుట్టింది" అన్నడు. కొనాల్నా? పైసలు ఉన్నయి గని ఇంట్ల చెప్పలే.

#2 వెండితీగ కరీంనగర్
తమ్మీ ముందుగాల కేబుల్ మార్చు. ఆంప్ సంగతి తర్వాత. నేను నా దానికి వెండి తీగ అల్లిచ్చుకున్న, మా ఊర్ల ఫిలిగ్రీ పని చేసేటోళ్లు ఉండంగ మనకు చైనా కేబుల్ ఎందుకు. గొంతు మీది పరద లేసిపోయినట్టు ఉంటది.

#3 ఓమ్స్‌వాలా
వెండితీగ అన్న, నీ కేబుల్ చూడనీకి సక్కగుంటది, దాంట్ల నాకు డౌట్ లేదు 😄 వెండి రాగి కంటె 6 శాతం దాకా ఎక్కువ కరెంటు పోనిస్తది, నిజమే. కాని గజంన్నర కేబుల్‌ల మొత్తం రెసిస్టెన్సే ఒక్క ఓమ్ కూడ ఉండది, దాంట్ల 6 శాతం అంటె ఎంతనో నువ్వే లెక్క కట్టు.

కాజీపేట భయ్, కొనకు. ఆగు. రెండు ప్రశ్నలు. బాపు ఆంప్‌ల వాల్యూమ్ ఎక్కడ పెడ్తున్నవ్? డాంగిల్ మీద వినేటప్పటి సప్పుడు, ఆంప్ మీద వినేటప్పటి సప్పుడు ఒక్కతీర్గనే ఉందా లేకుంటె ఆంప్ జర గట్టిగుందా? జర గట్టిగ ఉన్నదే మన చెవికి మంచిగ అనిపిస్తది, గది అందరికి తెల్సిందే గని ఎవ్వరం పట్టించుకోం.

#4 కాజీపేట జంక్షన్
సగం దాటినంక పెడ్తున్న అన్న, గడియారంల 1 గంట దిక్కు. స్పీకర్లకైతే గంత పెడ్తె పక్కింటోళ్లు లొల్లి పెడ్తరు. సప్పుడు ఒక్కతీర్గ ఉన్నదో లేదో చూడలే.

#5 ఓమ్స్‌వాలా
గదే నేను అనుకున్నది. పాత స్టీరియో ఆంప్‌లల్ల హెడ్‌ఫోన్‌కు ఏరే ఆంప్ ఉండది, స్పీకర్‌కు పోయే లైన్‌కే మధ్యల ఒక పెద్ద రెసిస్టర్ పెట్టి ముంగటికి గుంజుతరు. చౌకల పని. గా రెసిస్టర్ ఎంతనో తెలుస్తె నీ నాచురల్ ఎక్కడికెల్లి ఒస్తుందో తెలుస్తది.

కొలుసుడు ఈజీనే. ఫోన్‌ల టోన్ జనరేటర్ యాప్ పెట్టి 400 హెర్ట్జ్ టోన్ కొట్టు, ఆంప్ ముంగట జాక్‌కు ఏం తగిలియ్యకుండ మల్టీమీటర్ ఏసీ వోల్ట్స్‌ల పెట్టి చదువు. వాల్యూమ్ ముట్టకుండ గా జాక్‌కు 33 ఓమ్స్ రెసిస్టర్ పెట్టి మల్ల చదువు. రెండు నంబర్లు ఈడ రాయి. హెడ్‌ఫోన్ మాత్రం చెవులకు పెట్టుకోకు, అసలు తగిలియ్యనే ఒద్దు.

#6 కాజీపేట జంక్షన్
అన్నా పోచమ్మ మైదాన్ దగ్గర మిక్సీలు రిపేర్ చేసే సోపతిగాని దగ్గర పసుపుపచ్చ మీటర్ తెచ్చిన. అది ముందుగాల 00.9 చూపిచ్చింది, రెసిస్టర్ పెడ్తె 00.0. రెసిస్టర్ కాలిపోయిందా?

#7 ఓమ్స్‌వాలా
కాలలే 😂 గా పసుపు మీటర్ల ఏసీకి తక్వల తక్వ 200 వోల్టుల రేంజే ఉంటది, గోడ ప్లగ్గు చూస్కోనీకి చేసిన్రు దాన్ని. 2 వోల్టుల ఏసీ రేంజ్ ఉన్నది గావాలె. ఎన్‌ఐటీల ఎవరన్న పిలగాడు తెలిస్తె అడుగు, లేకుంటె ఆదివారం నా దగ్గరికే రా, నక్కలగుట్ట.

#8 దర్వాజ టేకు మంచిర్యాల
నేను కట్టె పనోని కొడుకును కాబట్టి ఒక్క ముచ్చట అడుగుత, ఎవ్వరు ఏమనుకోవద్దు. ఈ హెడ్‌ఫోన్ల కట్టె నిజంగ ఏమన్న చేస్తదా లేకుంటె సోకేనా? నేను నా గ్రాడో ఎస్ఆర్60కి సొంతంగ టేకు కప్పులు చేసుకున్న, అందుకే అడుగుతున్న. ఎవరన్న తెల్సినోళ్లు చెప్తె నా కథ తర్వాత చెప్త.

#9 వీణక్క హన్మకొండ
ఇన్ని రోజులు చదవడమే, ఇవాళ ఉండబట్టక రాస్తున్నా. నేను పాతికేళ్లుగా వీణ నేర్పిస్తున్నాను, కట్టె గురించి ఆ వైపు నుంచి చెప్తా.

వీణకు పనస కట్టె ఎందుకు వాడతారంటే తీగ కదిలితే కుండ మొత్తం దానితో పాటు పలకాలి. కట్టె పలకకపోతే వీణే లేదు. ముదురు పనస, లేత పనస ఒకే తీగతో రెండు రకాలుగా పలుకుతాయి, నా పిల్లలు కూడా కళ్లు మూసుకుని చెప్పేస్తారు. దుకాణాల వాళ్లు ఇదే మాట తీసుకుపోయి హెడ్‌ఫోన్‌కు అంటిస్తారు, "వాయిద్యాలు కట్టెతో చేస్తారు కదా, అందుకే కట్టె హెడ్‌ఫోన్ వాయిద్యంలా పలుకుతుంది" అని. అది పూర్తిగా తలకిందులు మాట బాబు. రికార్డింగ్‌లో వీణ కట్టె ఒకసారి పలికేసింది. మళ్లీ నా చెవి దగ్గర వాల్‌నట్ కూడా తన పాట కలిపితే నేను వింటున్నది ఎవరి వీణ? వీణలో కట్టె పాడాలి, హెడ్‌ఫోన్‌లో కట్టె నోరు మూసుకుని కూర్చోవాలి.

నాకు తెలిసినంతలో మంచి కట్టె కప్పు చేసే మేలు అదే. డ్రైవర్ (లోపల శబ్దం పుట్టించే చిన్న స్పీకర్) వెనక్కి కొట్టిన శబ్దాన్ని పలచటి ప్లాస్టిక్ లాగా గలగలమని తిప్పి కొట్టకుండా కొంత మింగేస్తుంది. అది చేస్తే చాలు.

(ఎండాకాలం సంగతి కూడా ఒకటి. వీణకు 24 మెట్లూ మైనం మీద కూర్చుంటాయి, మే నెలలో మన ఊళ్లో ఆ మైనం మెత్తబడి మెట్లు జరుగుతాయి, శ్రుతి పోతుంది. కట్టె హెడ్‌ఫోన్ ఉన్నవాళ్లు కూడా కారులో వదిలేయకండి.)

#10 డోలు జనగామ
అక్క మంచిగ చెప్పింది. నేను మాత్రం జర కొట్లాటకు ఒచ్చిన, కోపం చెయ్యకున్రి.

అందరు నాచురల్ నాచురల్ అంటున్నరు, మీల ఎంతమంది అసలు సప్పుడు ముంగట కూసోని విన్నరు? మా తాత ఒగ్గు మేళంల డోలు కొట్టెటోడు, కొమురెల్లి మల్లన్న పట్నాల కాడికి నేను తాత ఎంబడి పోయెటోన్ని. డోలు పక్కకు కూసుంటె చెవికి కాదు ముందుగాల కడుపుకు తగుల్తది. డప్పు గడ్డి మంట మీద కాపినంక ఒక సప్పుడు, సల్లారినంక ఒక సప్పుడు. అసోంటిది 40 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పొర ఎట్ల ఇస్తది? 12,000 పెట్టినా 12 లక్షలు పెట్టినా ఇయ్యది.

అయినా నేను వింట. ఎందుకంటె జనగామ దిక్కు ఒగ్గు కథ చెప్పిన చుక్క సత్తయ్య గొంతు ఇప్పుడు రికార్డింగ్‌లల్లనే ఉన్నది. గా గొంతు మీద డోలు ఎక్కి కూసోకుండ, మేళంల జగ్గు వాయిద్యం ఏరే, నపీర వాయిద్యం ఏరే తెలుస్తె నాకు గదే నాచురల్. కాజీపేట తమ్మీ, బాపు ఆంప్ మీద ఒగ్గు కథ పెట్టి చూడు, ఘంటసాల కాదు. డోలు దెబ్బ "ధబ్" అని ఆగుతుందా లేకుంటె "ధబ్బ్‌బ్బ్" అని సాగుతుందా చెప్పు.

#11 కాజీపేట జంక్షన్
ఓమ్స్‌వాలా అన్న ఇంటికి పోయిన, చాయ్ తాగి మంచి మీటర్‌తోటి కొలిచినం. ఖాళీగ 1.00 వోల్ట్. 33 ఓమ్స్ పెడ్తె 0.09!! సగం కూడ కాదు, పదో వంతు కూడ లేదు.

డోలు అన్నా నువ్వన్నట్టే ఉన్నది, బాపు ఆంప్ మీద డోలు సాగుతుంది, డాంగిల్ మీద టక్కున ఆగుతుంది. నేను గా సాగుడునే నిండుగ అనుకున్ననా ఏంది 😐

#12 ఓమ్స్‌వాలా
లెక్క చూడు. 1.00ని 0.09తోటి భాగిస్తె 11.1, ఒకటి తీసెయ్యి, 10.1, దాన్ని 33తోటి గుణిస్తె 333. అంటె లోపల 330 ఓమ్స్ రెసిస్టర్ ఉన్నది, మూత ఇప్పకుండనే తెల్సిపాయె. నీ మెజె 32 ఓమ్స్. ఆంప్ ఇచ్చే వోల్టేజ్‌ల నీ హెడ్‌ఫోన్‌కు 9 శాతమే చేరుతుంది, మిగిలింది మొత్తం రెసిస్టర్‌ల ఎచ్చగ అయి పోతుంది, అందుకే వాల్యూమ్ అంత తిప్పాల్సి ఒస్తుంది.

ఇగ సాగుడు ఎందుకు. హెడ్‌ఫోన్ లోపలి పొర కదిలి ఆగాలె. ఆగెటప్పుడు అది కూడ చిన్న జనరేటర్ లెక్క వెనకకు కరెంటు పుట్టిస్తది. ఆంప్ ఔట్‌పుట్ ఇంపీడెన్స్ (కరెంటుకు అడ్డం, ఓమ్స్‌ల కొలుస్తరు) తక్వుంటె గా కరెంటుకు దారి దొరికి పొరకు బ్రేక్ పడ్తది, ఉయ్యాల ఊపి చెయ్యి అడ్డం పెట్టి ఆపినట్టు. మధ్యల 330 ఓమ్స్ ఉంటె చెయ్యి పెట్టెటోడు లేడు, ఉయ్యాల దాని ఇష్టం ఒచ్చినప్పుడు ఆగుతది. గదే నీ నిండుగ, గదే నీ ఎచ్చగ. ఆంప్ ఇంపీడెన్స్ హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్‌ల ఎనిమిదో వంతు లోపల ఉండాలె అని మోటు లెక్క ఒకటి ఉన్నది, నీ 32కు 4 ఓమ్స్ అన్నట్టు. నీది 330. గమ్మత్తు ఏందంటె మెజె ట్యూనింగే కింద (బాస్‌ల) జర లావుగ ఉంటది, దాని మీద మల్ల ఇది.

నీ డాంగిల్ 1 వోల్ట్ ఇచ్చేదైతే 32 ఓమ్స్‌ల 31 మిల్లీవాట్స్. మెజె ఒక్క మిల్లీవాట్‌కే 103 డీబీ (డెసిబెల్, సప్పుడు కొలత) కొడ్తది. అంటె నీ డాంగిల్‌ల 118 డీబీ దాకా దమ్మున్నది, చెవులు పోతయి అంత సప్పుడుకు. పవర్ తక్వైందని ఎవడన్న అంటె నమ్మకు.

గా ఓటీఎల్ సంగతి, మామూలుగ వాటి ఔట్‌పుట్ 100 ఓమ్స్ అటిటు ఉంటది. 300 ఓమ్స్ హెడ్‌ఫోన్ కోసం పుట్టినయి అవి. నీ 32కు అది బాపు ఆంప్‌కు చిన్న తమ్ముడు, పైంగ 32,000.

#13 గుంటూరోడు కాజీపేటలో
నమస్కారమండి. లోకో పైలట్‌ని, బదిలీ మీద ఇక్కడికొచ్చి ఆరేళ్లు, మీ భాష అర్థమవుద్ది కానీ రాయటం రాదు, ఏమనుకోకండి.

నా దగ్గర అలాంటి ఓటీఎల్లే ఉందండి, 6080 ట్యూబుది. దాంతో సెన్‌హైజర్ హెచ్‌డీ 600 వింటా. 1997 నుంచి వస్తున్న మోడలు, కట్టె కాదు, నల్ల రాయి మీద మచ్చల్లాంటి రంగేసిన ప్లాస్టిక్కు, అయినా నాచురల్ అంటే లోకం మొత్తం ముందు దాని పేరే చెప్తారు, దర్వాజ గారు అడిగిన ప్రశ్నకి అదొక జవాబనుకోండి. దానికి 300 ఓమ్స్. ఒక వోల్ట్‌కి 97 డీబీయే, కాబట్టి పాటలో పెద్ద మోతలు వచ్చినప్పుడు నాలుగైదు వోల్టులు కావాలి, డాంగిల్ ఇవ్వలేదు, ఇక్కడ ఆంప్ నిజంగా పనికొస్తుంది. బాస్ దగ్గర దాని ఇంపీడెన్స్ గుట్టలాగా లేస్తుంది కదా, 120 ఓమ్స్ ఆంప్ పెడితే అక్కడ ఒక డీబీ దాకా పెరుగుద్ది. ఆ ఒక్క డీబీయే నాకిష్టం, అబద్ధం చెప్పను. చాలామంది ట్యూబు మాయ అనేది సగం ఈ లెక్కే.

కానీ కొనేముందు మన ఊరి సంగతులు ఆలోచించండి. ఒక్క 6080 ఫిలమెంటే 6.3 వోల్టుల మీద 2.5 ఆంపియర్లు తాగుద్ది, దాదాపు 16 వాట్లు ఊరికే వేడి. మే నెలలో 44 డిగ్రీలప్పుడు ఫ్యాను కింద కూర్చుని దాని పక్కన హెడ్‌ఫోన్ పెట్టుకుని చూడండి, ముకేశ్ అయినా ఘంటసాలైనా చెమటే. ఎండాకాలం మూడు నెలలూ నాది గుడ్డ కప్పి ఉంటుందండి. వోల్టేజి ఎగుడుదిగుళ్లకి స్టెబిలైజర్ కొన్నా. మొదట్లో "జుయ్య్" అని ఒకటే హమ్ము, ట్యూబు పోయిందని బెంగళూరు బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాళ్లు ఒకప్పుడు రేడియో వాల్వులు చేసేవాళ్లు కదా, అలాంటివి దొరుకుతాయేమోనని పాత రేడియో కొట్లన్నీ తిరిగా. తీరా చూస్తే మా అద్దె ఇంట్లో ఆ సాకెట్‌కి ఎర్తింగే లేదు, మూడో రంధ్రం ఉత్తుత్తి రంధ్రం. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ లాగించాక హమ్ము పోయింది. ఎర్తింగ్ లేకుండా ట్యూబు ఆంప్ పెట్టడం ప్రమాదం కూడానండి, లోపల వందా నూటయాభై వోల్టుల డీసీ ఉంటుంది, ఆపినా కెపాసిటర్లలో కాసేపు నిలుస్తుంది. మూత విప్పే సరదా ఉన్నవాళ్లు గుర్తుపెట్టుకోండి.

#14 కాజీపేట జంక్షన్
సార్ మా సాకెట్‌కు ఎర్తింగ్ ఉన్నదో లేదో ఇప్పుడే చూసిన. లేదు 😑 ల్యాప్‌టాప్ ముడ్తె జిల్లుమనుడు అందుకేనా!

#15 వెండితీగ కరీంనగర్
అందరు లెక్కలు చెప్తున్నరు గని చెవి మాట ఎవ్వరు వినరు. మీటర్ పాట వింటదా?

#16 డోలు జనగామ
వెండితీగ కాకా, మీటర్ వినది. గని మీటర్ అబద్ధం కూడ ఆడది.

#17 దర్వాజ టేకు మంచిర్యాల
సరే ఇగ నా కథ చెప్త, జర పెద్దగుంటది.

మా పెద్దబాపోళ్ల పాత ఇల్లు లక్షెట్టిపేట దగ్గర, రెండేండ్ల కింద కూలగొట్టిన్రు. దర్వాజలు, దూలాలు అన్ని టేకు. మా తాత చేతుల మీద చేసిన దర్వాజ అది, తొంభై ఏండ్ల కట్టెనో ఎంతనో. పెద్ద తునకలు అమ్మిన్రు, కాలినయి పగిలినయి పొయ్యిలకు అన్నరు. గండ్ల రెండు మంచి ముక్కలు నేను తెచ్చుకున్న. అప్పటికే గ్రాడో ఎస్ఆర్60 ఉన్నది నా దగ్గర. గ్రాడో అంటె తెల్వనోళ్లకు, న్యూయార్క్ బ్రూక్లిన్‌ల 1953ల రికార్డ్ ప్లేయర్ సూదులతోటి మొదలైన కంపెనీ. వాళ్లే ఆర్ఎస్ సిరీస్‌కు ముందుగాల మహాగని కట్టె పెట్టెటోళ్లు, ఎస్ఆర్60కు ప్లాస్టిక్ కప్పు. కాబట్టి ప్లాస్టిక్ తీసి కట్టె పెట్టుడు ప్రపంచంల శానామంది చేస్తరు.

మంచం కోళ్లు తిప్పే లేత్ ఉన్న సేటు దగ్గరికి పోయి గిట్ల గిట్ల గిన్నె లెక్క తిప్పాలె అంటె "పప్పు గుత్తి అడుగు, బొంగరం అడుగు, గిదేంది" అని నవ్విండు. మొదటి జత పాడైంది, లోపల గోడ పల్చగ తిప్పిండు, పగిలింది. రెండోది మంచిగొచ్చింది. పాత టేకు కోస్తుంటె తోలు లెక్క ఒక వాసన ఒస్తది, గా వాసన మా తాత అంగి వాసన. ఇంట్ల అందరు వాసన చూసిన్రు.

తర్వాత తిప్పలు. గ్రాడో డ్రైవర్ జిగురుతోటి అతికి ఉంటది, హెయిర్ డ్రయ్యర్ గాలి మెల్లగ పెట్టి ఊడదీసిన, ఎక్కువ వేడి పెడ్తె పొర కరుగుతది ఖతం. టేకుల నూనె ఉంటది కాబట్టి జిగురు పట్టది, మొదటిసారి పెట్టుకోంగనే కుడి దిక్కు డ్రైవర్ ఊడి బనీను మీద పడ్డది. మా బాపు అన్నడు, టేకు అతికేటప్పుడు ముందుగాల థిన్నర్ బట్టతోటి తుడ్వాలెరా గంత తెల్వదా అని. తుడ్సి అతికితె ఇప్పటిదాక ఊడలే. పైన అవిసె నూనె రెండు కోట్లు. కొబ్బరి నూనె పెట్టకున్రి ఎవ్వరు, జిడ్డు పోదు, నెలకు ముక్క వాసన ఒస్తది, నా సోపతిగాడు పెట్టిండు.

ఇగ సప్పుడు. మొదటి వారం నేను స్వర్గంల ఉన్న, టేకు పలుకుతుంది అని అందరికి చెప్పిన. తర్వాత యాదికొచ్చింది, కప్పు మార్చినప్పుడు పాత స్పాంజ్ ప్యాడ్‌లు చినిగితె కొత్తయి కూడ ఏసిన. పాత ప్యాడ్‌లు మల్ల ఏసి చూస్తె స్వర్గంల ముప్పావు వంతు పోయింది! ప్యాడ్‌లదే ఆ మార్పు. కట్టెది ఏమన్న ఉంటె గా మిగిలిన పావుల, అది కూడ కట్టె వల్లనా, కప్పు లోతు పెరిగినందుకా చెప్పలేను. అందుకే పైన అడిగిన. వీణక్క మాటతోటి నాకు తెలివొచ్చింది. గని తీసెయ్యను, అది మా తాత దర్వాజ.

#18 వీణక్క హన్మకొండ
మీ పోస్టు మా ఇంట్లో చదివి వినిపించాను దర్వాజ గారు. తీయకండి. సప్పుడు సంగతి పక్కన పెట్టండి.

#19 ఓమ్స్‌వాలా
ప్యాడ్ ముచ్చట నూటికి నూరు పాళ్లు. చెవికి డ్రైవర్‌కు మధ్యల దూరం, గాలి లీకు మారితె మొత్తం మారుతది. సోనీ 1989ల ఎండీఆర్-ఆర్10 అని ఒకటి చేసిండు, జపాన్ జెల్కోవా కట్టె కప్పులు. అందరు గా కట్టె గురించే చెప్తరు గని వాళ్లు లోపలి ఆకారం మీద, పొర మీద (బయో సెల్యులోజ్ పొర అది) పడ్డ కష్టం ఎవ్వరు చెప్పరు. ఆడియో-టెక్నికా డబ్ల్యూ1000జెడ్‌కు టేకే పెట్టిండు, దర్వాజ భయ్ నీ కంటె ముందుగాల. డెనాన్ ఏహెచ్-డీ9200కు ఎదురుబొంగు పెట్టిండు, అది కట్టె కాదు గడ్డి జాతి, దాన్ని కూడ "కట్టె వెచ్చదనం" అని అమ్ముతరు దుక్నాలల్ల. ఆ డెనాన్‌లు కూడ 24, 25 ఓమ్స్ కాడనే ఉంటయి, అన్నిటికి గదే లెక్క, తక్వ ఓమ్స్ ఆంప్ చాలు.

కాజీపేట భయ్ నీకు నిజంగనే గా నిండుగనే ఇష్టమైతె తప్పు లేదు, మా అవ్వ కూడ పచ్చిపులుసుల చక్కెర ఏస్తది. కాని 32,000 ఎందుకు. పావు వాట్ 100 ఓమ్స్ రెసిస్టర్లు రెండు కొను, ఒక్కోటి రూపాయో రెండో. ఎడమకు ఒకటి కుడికి ఒకటి, చిన్న ఎక్స్‌టెన్షన్ వైర్‌ల అతికి డాంగిల్‌కు హెడ్‌ఫోన్‌కు మధ్యల పెట్టు. కామన్ గ్రౌండ్ తీగల మాత్రం పెట్టకు, పెడ్తె ఎడమది కుడిదాంట్లకు కారుతది, స్టీరియో గజిబిజి అయితది. తర్వాత రెండింటిని 400 హెర్ట్జ్ మీద మీటర్‌తోటి సమానం చేసి, ఎవరితోనన్న తీగలు మార్పిచ్చుకుంట, చూడకుండ విను. అప్పుడు 10కి ఎన్ని కరెక్ట్ చెప్పినవో రాయి. నీ చెవే రాయాలె, వెండితీగ అన్నకు కూడ ఒప్పుదల అయితది.

#20 వెండితీగ కరీంనగర్
గిది సరైన మాట. చూడకుండ వినుడంటె నేను సుత తయార్.

#21 కాజీపేట జంక్షన్
జర లేటైంది, చెల్లె ఎగ్జామ్స్ ఉండె. ఆదివారం కూసున్నం. చెల్లె తీగలు మార్చుడు, నేను గోడ దిక్కు తిరిగి కూసునుడు, అవ్వ మధ్యల ఒచ్చి "ఏం పూజరా ఇది" అనుడు. ఎలక్ట్రీషియన్‌ను పిల్చి ఎర్తింగ్ ఏయిచ్చినంకనే షురూ చేసిన సార్, 1,800 అయినయి, గది కూడ ఆంప్ ఖర్చులనే రాసుకుంటున్న.

ముందుగాల బాపు ఆంప్, ఉత్త డాంగిల్. రెండు ఒక్క వోల్టేజ్‌కు తెచ్చినం హెడ్‌ఫోన్ తగిలిచ్చి ఉండంగనే, లేకుంటె లెక్క తప్పుతది అని అన్న చెప్పిండు. 10కి 9 కరెక్ట్ చెప్పిన. తేడా నిజమే, డోలు మీద దొరికిపోతుంది. తర్వాత బాపు ఆంప్, రెసిస్టర్ పెట్టిన డాంగిల్. 10కి 6. చెల్లె అంటది "బొమ్మ బొరుసు ఏస్తె కూడ గన్నే ఒస్తయి." నాలుగు రూపాయల రెసిస్టర్లు మా బాపు ఆంప్ లెక్క పాడుతున్నయి.

గమ్మత్తు ఏందంటె సప్పుడు సమానం చేసినంక ఉత్త డాంగిల్ సప్పగ అనిపిస్తలేదు. ఇన్ని రోజులు దాన్ని తక్వ పెట్టుకోని విన్న అంతే. ఒగ్గు కథకు, వీణకు ఉత్త డాంగిల్. 1950ల నాటి మోనో పాటలకు రెసిస్టర్ వైర్, గవి ఎట్లైనా నెత్తి మధ్యలకెల్లి ఒస్తయి కాబట్టి కింద జర లావు ఉంటెనే నాకు సుఖం. నాచురల్ కాదని తెల్సు, డోలు అన్న తిట్టొద్దు.

ట్యూబ్ ఆంప్ కొంటలేను. దుక్నపాయిన నాలుగుసార్లు ఫోన్ చేసిండు. బాపు మాత్రం ఆంప్ మల్ల సజ్జ మీద పెట్టనిస్తలేడు, పొద్దుగాల దానికి స్పీకర్లు పెట్టి వార్తలు వింటున్నడు.

#22 డోలు జనగామ
తిట్టను తమ్మీ. మోనో పాటకు ఏది పెట్టుకుంటె ఏంది. 10కి 9 చెప్పినవ్ గదా, చెవి ఉన్నది నీకు.

#23 గుంటూరోడు కాజీపేటలో
ఎర్తింగ్ వేయించారు చూడండి, ఈ చర్చలో అన్నిటికంటే మంచి ఖర్చు అదేనండి. నా ఓటీఎల్ వినాలనిపిస్తే ఇంటికి రండి, వానాకాలం వచ్చాక. ఇప్పుడు గుడ్డ కప్పి ఉంది.

#24 దర్వాజ టేకు మంచిర్యాల
కాజీపేట భయ్, దర్వాజ ముక్క ఇంకొకటి మిగిలింది. మెజెకు కప్పులు మార్చుడు కష్టం గని హెడ్‌ఫోన్ తగిలిచ్చుకునే స్టాండ్ ఒకటి తిప్పిచ్చిన, పైసలేం ఒద్దు. వచ్చే ఆదివారం భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌ల హైదరాబాద్ పోతున్న, కాజీపేటల బండి ఆగంగనే ప్లాట్‌ఫారం మీదికి ఒస్తవా? హెడ్‌ఫోన్, గా రెసిస్టర్ వైర్ రెండు తేవాలె, నా గ్రాడో నేను తెస్త. బండి ఆగే రెండు మూడు నిమిషాలల్ల ఎంత వింటె అంత.

#25 కాజీపేట జంక్షన్
పక్కా అన్న! వెండితీగ అన్న కేబుల్ కూడ పంపుతె దానికి కూడ పరీక్ష పెడ్దాం.

#26 వెండితీగ కరీంనగర్
కేబుల్ పంపను, నేనే ఒస్త. నా ముంగటనే చెయ్యాలె.

#27 గుంటూరోడు కాజీపేటలో
ఆదివారం నాకు డ్యూటీ లేదండి, నేనూ వస్తా. ప్లాట్‌ఫారం నంబరు ముందు రోజు రాస్తాను. రెండు నిమిషాలని కంగారు పడకండి, ఆ బండి లేటయితే అక్కడే చాలాసేపు నిలబడుద్ది, తీరిగ్గా వినొచ్చు.